శుక్రవారం పడమర దారి

నేను ఒక రోడ్ల అట్లాసును. ఇంగ్లండులో మోటారు బండి వెళ్లగలిగిన ప్రతి దారీ నా కడుపులో ఉంది. అంగుళానికి మూడు మైళ్ల లెక్కన గీశారు నన్ను. ప్రస్తుతం ష్రాప్‌షైర్ పల్లెలో మేవిస్ అనే ముసలావిడ గరాజులో, పాత పేపర్లు వేసే పెట్టె అడుగున, చెమ్మెక్కిన టెలిఫోన్ డైరెక్టరీ కింద పడి ఉన్నాను. శుక్రవారం బండి వచ్చి పెట్టె ఎత్తుకుపోతుంది. ఆ తర్వాత నానబెట్టి గుజ్జు చేస్తారట. చెయ్యనీ, దానికి నాకు బెంగ లేదు. దారి చూపడానికి పుట్టిన నేను ఒక మనిషి దారికి అడ్డం పడ్డాను. పోయేలోగా ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని ఉంది.

పుట్టడం పెద్ద ప్రెస్సులోనే పుట్టాను. పాతికవేల మంది అన్నదమ్ములం ఒక్క వారంలో అచ్చయ్యాం. అంచులు కోసి, వెన్నుకు తీగచుట్ట ఎక్కించారు, ఎక్కడ తెరిస్తే అక్కడ బల్లపరుపుగా పడుకోవడానికి. మమ్మల్ని పెట్రోలు బంకుల్లో చూయింగ్ గమ్ పక్కన నిలబెట్టారు. దారి తప్పినవాళ్లు తప్ప మమ్మల్ని ఎవరూ కొనరు. కొన్నవాళ్లు కూడా చిరాకు మీదే కొంటారు.

నా మొదటి యజమాని తివాచీలు అమ్ముకునేవాడు. తప్పు దారి పట్టినప్పుడల్లా నన్ను స్టీరింగు మీద బాదేవాడు, తప్పంతా నేనే చేసినట్టు. నా లండను పేజీల నిండా వాడి కాఫీ మరకలే. వాడి కంపెనీ మూతపడ్డాక వాడి భార్య నన్ను చర్చి హాల్లో పాత సామాన్ల అమ్మకానికి ఇచ్చేసింది. అక్కడ మూత లేని కూజాలు, జత లేని సాసర్ల మధ్య నేనుండగా, ఊదారంగు చీర మీద మోకాళ్ల దాకా కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి, నన్ను కళ్ల దగ్గరగా, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పింది. అంత శ్రద్ధగా నన్ను అంతవరకు ఎవరూ చూడలేదు. తర్వాత తెలిసింది, ఆమెకు చూపున్నది ఒక్క కంట్లోనే అని.

ఆమె పేరు మంగతాయారు. రామచంద్రపురం దగ్గర పల్లె. లెస్టర్ ఊరొచ్చి ముప్పయ్యేళ్లయింది. ఇరవై ఏళ్లు ఒక బడి వంటశాలలో పిల్లలకు బంగాళాదుంపలు ఉడకబెట్టి వడ్డించింది. భర్త వీర్రాజు అదే ఊళ్లో ఇరవయ్యెనిమిదేళ్లు సిటీ బస్సు తోలి కిందటేడే రిటైరయ్యాడు. ఈ ముప్పయ్యేళ్లలో ఇద్దరూ హాలిడే అనే మాటకు వెళ్లిన ప్రతిసారీ రామచంద్రపురమే వెళ్లారు, పెళ్లికో దినానికో. తాము బతికే దేశంలో చెట్టూ పుట్టా ఎలా ఉంటాయో వాళ్లకు కిటికీలోంచి తప్ప తెలీదు.

వంటశాలలో తాయారు పక్కన పనిచేసిన మేవిస్ రిటైరై ష్రాప్‌షైర్‌లోని తన పుట్టినూరికి పోయింది. వాళ్ల ఇంటి వెనక ఒక అడవి ఉంది. ఏడాదికొకసారి, ఏప్రిల్ చివర్న మొదలై రెండు మూడు వారాలు, ఆ అడవి నేలంతా బ్లూబెల్ అనే నీలం పూలు పూస్తాయి. బంగాళాదుంపలు తొక్క తీస్తూ ఇరవై ఏళ్లు మేవిస్ ఈ కథే చెప్పింది. నేల కనపడదు తాయారూ, నీళ్లు నిలిచినట్టుంటుంది, ఒకసారి రా, అనేది. తాయారు ప్రతి ఏడూ వచ్చే ఏడు వస్తానంటూ వచ్చింది.

ఈలోగా షుగరు వచ్చింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మిగిలింది, దాని వెనక నరాలూ పుచ్చాయన్నారు డాక్టర్లు. మే నెల మొదటి సోమవారం ఇక్కడ దేశమంతా సెలవు, దాని తర్వాత వచ్చే బుధవారం ఆపరేషన్ పెట్టారు. ఆ లోపలే రక్తం చిమ్మవచ్చు, ఆపరేషన్ తర్వాత ఎంత చూపు మిగులుతుందో ముందే చెప్పలేం, అన్నారు. తాయారు ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా చర్చి హాలుకు వెళ్లింది. నన్ను కొన్నది ఆ రోజే.

వీర్రాజు ఉత్సాహపడిపోయాడు. పెళ్లాం నోరు తెరిచి ఒక కోరిక కోరడం అతనికి కొత్త. నన్ను వంటింటి బల్ల మీద పరిచి, ఒక్క సాయంత్రంలో ఇంగ్లండు మొత్తం చుట్టేశాడు. మొదటి రోజు ఉత్తరాన సరస్సులు, రెండో రోజు దక్షిణాన సముద్రం, మధ్యలో ఒక కోట, రెండు చర్చీలు, ఇద్దరు తెలుగువాళ్ల ఇళ్లలో భోజనం.

"తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరామంటే టిఫిన్ల వేళకి సగం దేశం దాటేస్తామే తాయారూ," అన్నాడు.

తాయారు కుట్టు డబ్బాలోంచి తెల్ల దారం తీసి, ఒక కొసను లెస్టర్ మీద చూపుడు వేలితో నొక్కిపెట్టి, రెండో చేత్తో దారాన్ని నా దారుల మీద వంపు వంపుకూ వంచుకుంటూ పడమరకు పోయింది. దారి మలుపు తిరిగిన చోటల్లా ఒక ముడి వేసింది. నా మీద పెన్సిళ్లు నడిచాయి, కాఫీ నడిచింది, ఒక మనిషి వేళ్లు అలా మెల్లగా నడవడం అదే మొదలు. తర్వాత దారం సాగదీసి మూర వేసుకుంది. రెండు మూరలకు బెత్తెడు తక్కువ వచ్చింది.

"తొంభయ్యయిదు మైళ్లండి. ఆ ఒక్క ఊరే. ఇంకెక్కడికీ వద్దు."

"తొంభయ్యయిదే కదా! మోటారువే ఎక్కితే గంటన్నర. ఆ మాత్రానికి ఈ దారం గోలేంటే?"

"మోటారువే మీద ఏం చూస్తామండీ? లారీల ఎనక రేకులా? బ్రిడ్జ్‌నార్త్ దాకా పెద్ద రోడ్డు. అక్కణ్ణించి అన్నీ సందు దార్లే. రెండేపులా మనిషెత్తు కంచెలంట, రెండు కార్లు పట్టవంట. ట్రాక్టరెదురొస్తే మనమే ఎనక్కెళ్లాలంట. గంటకి పాతిక మైళ్లేసుకోండి."

"ఇరవయ్యెనిమిదేళ్లు డబుల్ డెక్కర్ తోలినోణ్ణి. నాకు చెప్తన్నావా?"

"ఒకే రూటులో తోలారు," అంది తాయారు.

అతనికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆమె చెప్పినట్టే రాసుకున్నారు. శుక్రవారం బడిపిల్లల రద్దీ తగ్గాక తొమ్మిదిన్నరకు బయల్దేరడం. గంటకోసారి ఆగడం, ఎందుకంటే అతనికి మోకాలు, ఆమెకు బాత్రూము. పన్నెండింటికి బ్రిడ్జ్‌నార్త్‌లో ఏటి ఒడ్డున పులిహోర, అంతకు పావుగంట ముందు సూది. ఇన్సులిన్‌కు చల్ల ఫ్లాస్కు. మధ్యాహ్నం రెండున్నరకు మేవిస్ ఇల్లు. టీ తాగి నాలుగింటికి అడవి. శని, ఆదివారాలు వాన పడితే ఆసరాకు. సోమవారం అందరికంటే ముందుగా తిరుగు ప్రయాణం. ఎందరో నా మీద ప్రయాణాలు గీశారు గానీ, మోకాలికీ వానకూ చోటు పెట్టి గీసినవాళ్లు ఆమె తప్ప లేరు. తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అన్నీ కుదిరాక వీర్రాజు గోడకున్న తెలుగు క్యాలెండరు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. అక్కడే పీట ముడి పడింది.

శుక్రవారం పడమర వారశూల. ఆ రోజు ఆ దిక్కుకు బయల్దేరకూడదు. పైగా సోమవారం తూర్పు శూల, అంటే రావడానికీ పనికిరాదు. నాకు ఈ శాస్త్రం కొత్త. నాలో దిక్కులు నాలుగూ ఏడు రోజులూ తెరిచే ఉంటాయి. అతన్ని వెక్కిరించబోయి ఆగాను, ఎందుకంటే కారణం విన్నాను. ఇరవయ్యెనిమిదేళ్లు శుక్రవారం శుక్రవారం పడమర డిపోకు బస్సు తోలినప్పుడు అతను శూల మాటే ఎత్తలేదు. డ్యూటీకి శూల లేదనేవాడు. రెండేళ్ల కిందట ఎడమ కన్ను ఆపరేషన్‌కు తూర్పునున్న ఆస్పత్రికి ఆమెను సోమవారం తీసుకెళ్లాడు. కన్ను పోయింది. ఆ రాత్రి క్యాలెండరు చూసి, తప్పు తనదేనని తేల్చుకున్నాడు. డాక్టర్లను నిందించడం అతనికి చాతకాదు. దేవుణ్ణి నిందించడానికి భయం. మిగిలింది తనే.

"గురువారం ఎల్దామంటే ఆస్పత్రిలో నీ పరీక్షలు. శనివారం ఎల్దామే. ఒక్కరోజు. రావడం మంగళారం పెట్టుకుందాం," అన్నాడు బతిమాలుతూ.

మేవిస్ ఆదివారమే ఫోన్ చేసింది. పూలు నిండుగా ఉన్నాయి, ఎండ ఎక్కువైంది, వారం ఆగవు అని. తాయారుకు శూల మీద నమ్మకం ఎంతుందో నాకు తెలీదు. భర్త భయం మాత్రం తెలుసు. భయపడుతూ స్టీరింగు పట్టుకున్న మనిషి పక్కన కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు.

"మా నాయనమ్మ ప్రస్థానం పెట్టేదండి," అంది. "మంచిరోజున ఏదో వస్తువు ముందే ఎల్లే దిక్కున్న ఇంట్లో పెట్టేస్తే, ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. మర్నాడు దాన్ని తీసుకుని ఎల్లిపోవచ్చు. శూలుండదు. గురువారం పెట్టేద్దారి."

వీర్రాజు మొహం విప్పారింది. ఏ వస్తువు పెట్టాలన్నదానికి చర్చ లేకపోయింది. ప్రయాణం పుస్తకాన్ని నేనే కదా.

గురువారం పరీక్షల నుంచి రాగానే నన్ను కొత్త పసుపు గుడ్డలో చుట్టి, నాలుగు పసుపు బియ్యపు గింజలు, ఒక వక్క నా పేజీల మధ్య వేసి ముడివేశారు. దారం మాత్రం తాయారు తన హ్యాండుబ్యాగులో వేసుకుంది. పడమర పక్కింట్లో నార్మన్ అనే పెద్దమనిషి ఒంటరిగా ఉండేవాడు. పదేళ్లుగా కంచె మీదుగా వానల గురించి మాట్లాడుకోవడమే వీళ్లకూ ఆయనకూ ఉన్న స్నేహం. వీర్రాజు నన్ను రెండు చేతులా పట్టుకెళ్లి ఇచ్చాడు. శూలనీ, ప్రస్థానమనీ ఒక తెల్లవాడికి విప్పి చెప్పడానికి సిగ్గేసింది. ఏం నవ్వుకుంటాడో అనుకున్నాడు.

"మేం సెలవుకు వెళ్తున్నాం. దయచేసి ఇది మీ ఇంట్లో ఉంచండి," అని మాత్రం అన్నాడు ఇంగ్లీషులో.

నార్మన్ మూట వంక చూశాడు. ఏదో పూజా వస్తువు, దొంగల భయానికి దాచమంటున్నారు, అనుకున్నాడు. "మీరు తిరిగొచ్చేదాకా భద్రంగా ఉంటుంది, బెంగపడకండి," అన్నాడు. వీర్రాజు థాంక్స్ చెప్పి వచ్చేశాడు. ఆ మాటకు అక్కడే ఒక్క ముక్క అడ్డం చెప్పి ఉంటే ఈ కథ లేదు. తిరిగొచ్చేదాకా కాదండీ, రేపు పొద్దున్న తీసుకుంటాం, అంటే చాలు. మర్యాదకు మర్యాద ఇచ్చిపుచ్చుకుని ఇద్దరు మంచివాళ్లూ తలుపులేసుకున్నారు.

నార్మన్ హాల్లో టెలిఫోన్ బల్ల మీద నన్ను పెట్టాడు. శుక్రవారం ఆరింటికల్లా, సెలవు రద్దీ తప్పించుకోవడానికి, సూట్‌కేసు తీసుకుని, తలుపుకు రెండు తాళాలు వేసి, చెల్లెలింటికి సముద్రం ఊరికి వెళ్లిపోయాడు. ఆయనదీ సరైన ప్రణాళికే.

తొమ్మిదింపావుకు గంట మోగింది. మళ్లీ మోగింది. తర్వాత తలుపు బాదిన చప్పుడు. తలుపుకున్న ఉత్తరాల సందు రేకు పైకి లేచింది. గుడ్డ నేతలోంచి వీర్రాజు కళ్లు కనిపించాయి. నేను నాలుగు బారల దూరంలో ఉన్నాను.

"అదిగోనే, బల్ల మీదే ఉంది! నార్మన్ గారూ! నార్మన్ గారూ!"

"కారు లేదండి. ఆయనెల్లిపోయారు." వెనకనుంచి తాయారు గొంతు. "రండి, మనమూ ఎల్దారి."

"అది తీసుకోకుండానా?"

"దారి నాకు నోటికొచ్చండి. ఇదిగో, దారం నా చేతిలోనే ఉంది. ముడి ముడికీ చెప్తాను. ఎక్కండి."

"ప్రస్థానం పెట్టి ఇడిసిపెట్టి పోతే శూల కంటే చెడ్డదే. నీ కన్నుతో ఆటలా? రేపు శనివారం. పడమరకి ఏ దోషమూ లేదు. ఇది లేకపోయినా ఎల్లొచ్చు. ఒక్క పూట ఓర్చుకో తల్లీ."

తర్వాత రేకు మళ్లీ లేచింది. ఈసారి తాయారు. కుడి కన్ను సందుకు ఆనించి నన్ను చూసింది. కోపంగా లేదు ఆ చూపు. పులిహోర చేసి, ఫ్లాస్కు నింపి, కొత్త చెప్పులు వేసుకున్న మనిషి అలసట ఉంది. నేను అరవగలిగితే అరిచేవాణ్ణి. వెళ్లండి, నాకోసం ఆగొద్దు, నేను ఉత్త కాగితాన్ని, అని. మూటలో కట్టిన నోరు నాది. రేకు టప్పున పడిపోయింది. ఆ కన్ను నన్ను చూడడం అదే ఆఖరు.

ఆ రోజు ఎంత బాగా ఎండ కాసిందో నార్మన్ గారి తలుపు మీది రంగుల గాజులోంచి నాకూ తెలుస్తూనే ఉంది. హాల్లో గడియారం నాలుగు కొట్టింది. అడవి దగ్గర ఉండాల్సిన వేళ.

శనివారం పొద్దున్న ఏడింటికి పక్కింట్లోంచి వీర్రాజు కేక వినిపించింది. ఆ తర్వాత తాయారు గొంతు, నెమ్మదిగానే ఉంది.

"దారాలు దారాలుగా దిగుతున్నాయండి కంట్లో. నల్లగా. ఇప్పుడు ఎర్రగా అవుతోంది."

కారు తలుపులు దబదబా పడ్డాయి. పడమరకు వెళ్తే నా తలుపు ముందునుంచే పోవాలి. చప్పుడు అటు తిరిగి, దూరమై, ఆగిపోయింది. తూర్పుకు వెళ్లింది. శనివారం తూర్పు శూల. ఆ సంగతి వీర్రాజుకు గుర్తే రాలేదు.

సోమవారం సాయంత్రం నార్మన్ ఎండకు కందిన మొహంతో తిరిగొచ్చి, నన్నూ ఒక మిఠాయి డబ్బానూ పట్టుకుని పక్కింటి గంట కొట్టాడు. "భద్రంగా ఉంచాను. మీ సెలవు బాగా గడిచిందా?" అన్నాడు. వీర్రాజు నన్ను అందుకున్నాడు. "బాగా గడిచిందండి," అన్నాడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనడానికి ఆయన చేసిన తప్పేముంది?

ఆపరేషన్ ముందుకు జరిపారు, చేశారు, మళ్లీ చేశారు. వెలుగుందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది ఇప్పుడామెకు. మనిషి ఆకారం తెలీదు, రంగు తెలీదు. నన్ను మెట్ల కింద బీరువాలో, వాక్యూమ్ గొట్టం పక్కన పడేశారు. వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండరు తీసేశాడని అక్కణ్ణించే విన్నాను, మేకు ఊడదీసిన చప్పుడు. శూల చూసి ఒక కన్ను, చూడక ఒక కన్ను పోయాక, ఆ మనిషికి చూడడానికి ఇంకేం మిగల్లేదు.

ఏడాది తిరిగి మే నెల వచ్చింది. శుక్రవారం తొమ్మిదిన్నరకు ఇద్దరూ కారెక్కారు. రోజు ఎంచింది తాయారే. వీర్రాజు నన్ను తెచ్చి వెనక సీట్లో వేశాడు. ముందు సీట్లో ఆమె హ్యాండుబ్యాగులోంచి దారం తీసి ఒళ్లో పరుచుకుని, కొసను చూపుడు వేలి కింద నొక్కింది.

"పోనివ్వండి. మొదటి ముడి మోటారువే దాటాక. పెద్ద రౌండబౌట్. నేరుగా."

నేను దారి పొడుగునా వింటూ కూర్చున్నాను. ఒక్కచోట కూడా తప్పలేదు. రౌండబౌట్లో మూడో దారి అంటే మూడో దారే. పన్నెండు దాటి అయిదు నిమిషాలకు బ్రిడ్జ్‌నార్త్. ఏటి ఒడ్డున పులిహోర తిన్నారు. అక్కణ్ణించి సందు దారులు, మనిషెత్తు కంచెలు. రెండుసార్లు వెనక్కి తోలాల్సి వచ్చింది. "ఇప్పుడు వంతెన రావాలి," అంటే వంతెన వచ్చేది. "చర్చి దాటారా? ఎడమకి," అంటే ఎడమకు దారి ఉండేది. మొదట్లో వీర్రాజు "ఔరా, ఎలా చెప్తన్నావే!" అని మెచ్చుకున్నాడు. చర్చి దాటాక మెచ్చుకోవడం మానేశాడు. అద్దంలో అతని మొహం నాకు కనిపిస్తోంది. అతనికి అర్థమవుతోంది. మైలు మైలుకూ అర్థమవుతోంది.

రెండున్నరకు మేవిస్ ఇల్లు. నాలుగింటికి, ఇంటి వెనక సందు దారిలో చుట్టి వచ్చి, అడవి గేటు ముందు కారాపాడు. కిటికీ అద్దాలు దించే ఉన్నాయి. తాయారు గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది.

"పూశాయాండీ?"

"పూశాయి."

"ఎలా ఉన్నాయి?"

"నీలంగా ఉన్నాయే. నేల కనపళ్లేదు."

"ఇంకా?"

బస్సు తోలినవాడు, స్టాపుల పేర్లు తప్ప ఏదీ వర్ణించి ఎరగడు. "ఇంకా... అంతా నీలమేనే," అన్నాడు. గాలికి చల్లని వాసన వచ్చింది. ఆమె ముక్కుపుటాలు కదిలాయి.

"అట్లాసు తెచ్చారా?" అంది ఉన్నట్టుండి.

"తెచ్చాను. ఎనక సీట్లో ఉంది."

"దార్లో ఎక్కడైనా తెరిచారా?"

"లేదు."

"మరి ఆ రోజు?"

అతను గేటు పక్కన గడ్డిలో కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. తాయారు ఓదార్చలేదు. తిట్టనూ లేదు. వేలి చివర దారం మిగిలిన కొసను తడుముతూ ఉండిపోయింది. కొంతసేపటికి వెనక దారిలో ఇంజను చప్పుడు వినబడింది.

"లేవండి," అంది. "ట్రాక్టరొస్తోంది. కారు ఎనక్కి తియ్యాలి."

అతను కళ్లు తుడుచుకుని లేచి, కారెక్కి, నా మీదుగా వెనక్కి చూస్తూ రివర్సు గేరు వేశాడు. ఆ సాయంత్రం నన్ను మేవిస్ ఇంట్లో దింపి, మాకిక అక్కర్లేదండి, అని ఇచ్చేశాడు. ఆ గుడ్డ ఎప్పుడో పోయింది. పసుపు బియ్యపు గింజలు రెండు మాత్రం నా తీగచుట్టలో ఇరుక్కుని ఉన్నాయి, గుజ్జు చేసేటప్పుడు వాటిని తీసేస్తారో లేదో తెలీదు.